కెమెరా కొండెక్కితే...

ఆషాఢం వచ్చిందంటే చాలు... జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఫొటో స్టూడియోల సందడి తగ్గిపోతుంది. ముహూర్తాలుండవు. బరాత్‌లుండవు. ఆల్బమ్‌ల ఆర్డర్లుండవు. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా రాత్రనకా పగలనకా తిరిగిన కెమెరాలు సంచుల్లో నిద్రపోతాయి. సరిగ్గా అప్పుడే ఇక్కడికి సుమారు రెండువేల కిలోమీటర్ల దూరంలో మంచు కరిగి, కనుమలు తెరుచుకుని, హిమాలయాలు రమ్మని పిలుస్తాయి!

ఆ పిలుపు అందుకునేవారి కోసమే ఉన్నాయి ఫొటో ట్రెక్కులు. మామూలు ట్రెక్కింగ్‌లో గమ్యం ముఖ్యం. ఇక్కడ వెలుతురు ముఖ్యం. పదిమంది లోపు బృందం, దారి తెలిసిన ఓ గైడు, వండిపెట్టే మనిషి, సామాన్లు మోసే కంచర గాడిదలో కూలీలో, వీళ్లతోపాటు కెమెరా మెళకువలు నేర్పే ఓ సీనియర్ ఫొటోగ్రాఫర్. వారం పదిరోజులు కొండల్లోనే నడక, కొండల్లోనే పడక. సెల్‌ఫోన్ సిగ్నల్ ఉండదు. కరెంటు ఉంటే అదృష్టం.

పెళ్లిళ్లు లేని నెలలే సీజన్

తమాషా ఏమిటంటే, మన పంచాంగానికీ హిమాలయాలకూ భలే జత కుదిరింది. ముహూర్తాలు లేని ఆషాఢంలో, అంటే జూన్ నెలాఖరు, జులై రోజుల్లో ఉత్తరాఖండ్‌లోని పూలలోయ విచ్చుకోవడం మొదలవుతుంది. శ్రావణంలో మళ్లీ పెళ్లిళ్లు. అది దాటి భాద్రపదం వస్తే మళ్లీ ఖాళీ. అది ఇంచుమించు సెప్టెంబరు. హిమాచల్‌లోని స్పితి లోయ, లద్దాఖ్ అప్పటికి నీలాకాశం కింద నిగనిగలాడుతుంటాయి. ఆ రెండూ వర్షచ్ఛాయ ప్రాంతాలు. రుతుపవన మేఘాలు పెద్ద కొండలకు ఇవతలే కురిసి అలసిపోతాయి కాబట్టి అక్కడ వానలు తక్కువ.

పూలలోయ సంగతే చూడండి. 1931లో కామెట్ శిఖరం ఎక్కి తిరిగొస్తూ బ్రిటిష్ పర్వతారోహకుడు ఫ్రాంక్ స్మైత్ దారితప్పినట్టుగా ఈ లోయలోకి దిగాడు. ఆయన రాతలతోనే దీని పేరు ప్రపంచానికి తెలిసింది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. లోయలో రాత్రి బస చేయనివ్వరు. ఘాంఘ్రియా అనే ఊళ్లో ఉండి, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలి. స్పితిలోని చంద్రతాల్ సరస్సు పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఉంటుంది. అక్కడా ఒడ్డున గుడారాలు వేయనివ్వరు. కొంత దూరంలో బస చేసి, చీకట్లోనే నడిచివెళ్లి తెల్లవారే వేళకు సరస్సు దగ్గర నిలబడాలి.

మూడున్నరకే మేలుకొలుపు

ఫొటో ట్రెక్కులో రోజు తెల్లవారుజామున మూడున్నరకు మొదలవుతుంది. గుడారం బయట వేడివేడి చాయ్. తలకు టార్చిలైటు, భుజాన ముక్కాలి స్టాండు. గైడు ముందు, మిగతావాళ్లు వెనక. సూర్యుడు రాకముందు అరగంట ఆకాశం గాఢ నీలంగా ఉంటుంది. తర్వాత శిఖరం కొసకు మొదటి ఎరుపు అంటుకుంటుంది. చూస్తుండగానే అది బంగారు రంగవుతుంది. ఆ కాసేపట్లోనే అంతా! ఎనిమిది దాటితే వెలుతురు గట్టిపడి, కొండలు చప్పగా కనిపిస్తాయి. ఇక తిండీ, నడకా. మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి కెమెరాకు పని.

పెళ్లిలో ఫొటోగ్రాఫర్ చెప్పిందే వేదం. ‘ఇటు చూడండి, కొంచెం నవ్వండి, తలంబ్రాలు మళ్లీ ఒకసారి పొయ్యండి’ అంటే అందరూ వింటారు. కొండ వినదు. మబ్బు పట్టిందంటే గంటలు కూర్చోవాల్సిందే. మూడురోజులు ఎదురుచూసి మూడు నిమిషాల వెలుతురుతో తిరిగొచ్చేవారూ ఉంటారు. మొదటిసారి వెళ్లినవారికి అన్నిటికంటే కష్టమైన పాఠం ఈ ఓపికే.

మిగతావి చెయ్యి తిరిగినవారికి త్వరగానే పట్టుబడతాయి. తెల్ల పంచె కట్టుకున్న పెళ్లికొడుకును ఆటోలో పెట్టి తీస్తే బట్ట బూడిద రంగులోకి దిగుతుందని స్టూడియోవాళ్లకు తెలుసు. మంచూ అంతే. కెమెరా మీటరు తెలుపును నమ్మదు. ఎక్స్‌పోజరును ఒకటి, ఒకటిన్నర స్టాపులు పెంచితేనే మంచు మంచులా వస్తుంది. ముక్కాలి మీద పెట్టాక ఐఎస్ఓ 100కు దించి, ఎపర్చరు ఎఫ్/11 దగ్గర ఉంచితే కాలి దగ్గరి గులకరాయి నుంచి శిఖరం దాకా స్పష్టంగా ఉంటుంది. పోలరైజర్ ఫిల్టరుతో మాత్రం జాగ్రత్త. ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆకాశం అసలే ముదురు నీలం. ఫిల్టరు పూర్తిగా తిప్పితే నల్లబడిపోతుంది. చలికి బ్యాటరీలు త్వరగా నీరసించిపోతాయి. వాటిని రాత్రిపూట స్లీపింగ్ బ్యాగులో ఒంటికి దగ్గరగా పెట్టుకుని పడుకోవాలి. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ కవరులో చుట్టాలి. లేదంటే లెన్సు మీద చెమ్మ పట్టేస్తుంది.

గాలి పలచన

ఇక కెమెరా పుస్తకాల్లో రాయని సంగతి ఒకటుంది. జగిత్యాల సముద్ర మట్టానికి వెయ్యి అడుగుల లోపే ఉంది. లేహ్ పట్టణం సుమారు పదకొండున్నర వేల అడుగులు. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర తీరంతో పోలిస్తే మూడింట రెండొంతులే. పద్దెనిమిది వేల అడుగుల దగ్గర సగానికి పడిపోతుంది. అంటే ఒక్కో శ్వాసకు అందే ప్రాణవాయువు సగమే! విమానంలో వెళ్లి గంటల్లో అంత ఎత్తున దిగితే ఒళ్లు ఒప్పుకోదు.

ముందు తలనొప్పి, వికారం, నీరసం. ‘ప్రయాణ బడలికలే’ అని కొట్టిపారేస్తారు చాలామంది. ముప్పంతా ఆ మాటలోనే ఉంది. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు కనిపిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. మాట తడబడుతుంటే, నడక తూలుతుంటే మెదడు వాచిందని అనుమానించాలి. రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు. అసలైన మందు ఒక్కటే... వెంటనే కిందికి దిగడం. తెల్లారనిద్దాం, ఆ ఒక్క సూర్యోదయం తీసుకుని దిగుదాం అనుకోవడానికి లేదు.

అందుకే పదివేల అడుగులు దాటాక, నిద్రపోయే చోటు ఎత్తును రోజుకు పదహారు వందల అడుగులకు మించి పెంచకూడదంటారు వైద్యులు. మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తున విశ్రాంతి తీసుకోవాలి. బీపీ, ఆస్తమా, గుండె జబ్బులున్నవారు ముందుగా డాక్టరును కలవాలి. మాత్రలేవైనా ఆయన చెబితేనే. డబ్బు కట్టేముందు నిర్వాహకులను నాలుగు ప్రశ్నలు అడగండి: గైడు పర్వతారోహణ సంస్థలో శిక్షణ పొందాడా? ఆక్సిజన్ సిలిండరు వెంట ఉంటుందా? అలవాటు పడటానికి విశ్రాంతి రోజులు ఇస్తున్నారా? ఎవరికైనా బాగోలేకపోతే తోడుగా కిందికి దించేదెవరు? జవాబులు నీళ్లు నమిలినట్టుంటే ఆ ట్రిప్పు మానుకోవడమే మేలు.

పూర్ణ నేర్పిన వరుస

మైదానంలో పుట్టినవాళ్లకు కొండలెక్కడ సాధ్యమన్న సందేహానికి జవాబు పక్కజిల్లాలోనే ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం అబ్బాయి ఆనంద్‌కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. గురుకుల పాఠశాల పిల్లలైన ఆ ఇద్దరూ నేరుగా హిమాలయాలకు వెళ్లలేదు. ముందు భువనగిరి గుట్ట మీద రాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చారు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్. చివరకు ఎవరెస్టు.

ఫొటో ట్రెక్కుకూ ఇదే వరుస. బయల్దేరడానికి రెండు నెలల ముందు నుంచి కెమెరా సంచి భుజాన వేసుకుని కొండగట్టు మెట్లెక్కితే కాళ్లు సిద్ధమవుతాయి. కంటికి సాధన కావాలంటే నర్మాల దగ్గర ఎగువ మానేరు మత్తడి దుంకే రోజులు, ధర్మపురి గోదారి ఒడ్డున పొద్దుపొడుపు, కోరుట్ల చుట్టుపక్కల పసుపు చేల మీద వాలే మంచు చాలు.

గాజు పలకల కాలం

హిమాలయాల్లో కెమెరా నడక కొత్తదేం కాదు. 1863లో సిమ్లా నుంచి శామ్యూల్ బోర్న్ అనే బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ తొలి యాత్ర మొదలుపెట్టాడు. అప్పటికి ఫిల్ము లేదు. గాజు పలక మీద రసాయనం పూసి, అది ఆరేలోపే ఫొటో తీసి, అక్కడికక్కడే కడగాలి. అందుకని చీకటి గుడారం, సీసాలు, గాజు పలకలు అన్నీ కూలీల వీపుల మీదే నడిచాయి. 1866లో ఆయన 18,600 అడుగుల మణిరంగ్ కనుమ మీద నిలబడి ఫొటో తీశాడు. ఆ ఏడే గంగ పుట్టే గోముఖ్‌నూ తీశాడు. నూటయాభై ఏళ్ల తర్వాత అదే చోట నిలబడి చూస్తే గంగోత్రి హిమానీనదం ఎంతో వెనక్కి పోయింది. అందమైన దృశ్యమని తీసిన ఫొటో అలా సాక్ష్యంగా మిగిలింది.

అమెరికాలో మరో కథ. 1920లు, 30లలో సియెర్రా క్లబ్ అనే సంస్థ ఏటా వందలాదిమందిని సియెర్రా నెవాడా పర్వతాల్లోకి వారాల తరబడి నడిపించుకెళ్లేది. ఆ యాత్రల్లో ఫొటోలు తీస్తూ, నిర్వహణలో చెయ్యివేస్తూ ఎదిగినవాడే ఆన్సెల్ ఆడమ్స్. కింగ్స్ కాన్యన్ లోయను కాపాడాలంటూ 1936లో ఆయన ఫొటోలు పట్టుకుని వాషింగ్టన్‌లో చట్టసభ సభ్యుల గడపలెక్కాడు. 1938లో వచ్చిన ఆయన ఫొటోల పుస్తకం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాకా వెళ్లింది. 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయ పార్కయింది. ఫొటోలొక్కటే ఆ పని చేశాయని కాదు. కానీ ఆ లోయను ఎన్నడూ చూడనివారికి దాన్ని కళ్లకు కట్టింది అవే.

మన గుట్టల మాటేమిటి?

ఇప్పుడు ఇంటికొద్దాం. కరీంనగర్ నుంచి జగిత్యాల వెళ్లే దారిలో గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. బండ మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరి బొమ్మలు. వాటి కింద పదో శతాబ్దపు శాసనం. వేములవాడ చాళుక్యుల ఆస్థానకవి పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించాడు. సంస్కృతం, కన్నడంతోపాటు తెలుగులోనూ ఉంది. అందులోని కంద పద్యాలు తెలుగులో దొరికిన తొలి కందాలుగా పేరుపడ్డాయి. నన్నయ భారతానికి దాదాపు వందేళ్ల ముందు మాట! అంత చరిత్ర ఉన్న ఆ గుట్టకు, చుట్టూ జరిగే రాతి తవ్వకాలతో ముప్పుందని చరిత్ర ప్రియులు మొరపెట్టుకోవాల్సి వచ్చింది.

అసలు ఉమ్మడి కరీంనగర్ జిల్లా గుట్టలంటే వ్యాపారులకు ‘టాన్ బ్రౌన్’, ‘మేపుల్ రెడ్’. ఈ గ్రానైటుకు విదేశాల్లో గిరాకీ. పెద్దపెద్ద దిమ్మెలుగా కోసి రైళ్లలో కాకినాడ రేవుకు, అక్కడి నుంచి ఓడల్లో చైనాకు పంపారు. దానితో బతుకుతున్న కుటుంబాలూ ఉన్నాయి, కాదనలేం. కానీ గుట్ట పంట కాదుగా! ఈ ఏడు కోస్తే మళ్లీ ఏడు మొలవదు. కోట్ల ఏళ్లనాటి రాయి అది. చిన్నప్పుడు సీతాఫలాల కోసం ఎక్కిన గుట్ట స్థానంలో నీళ్లు నిండిన గుంతను పిల్లలకు చూపించాల్సి వస్తున్న ఊళ్లు ఇక్కడ ఉన్నాయి. అది ఎలా ఉండేదో చెప్పడానికి ఆ ఊళ్లో ఎవరి దగ్గరా ఒక్క ఫొటో ఉండదు. పెళ్లి ఫొటోల వెనక మసకగా ఎక్కడైనా పడి ఉంటే తప్ప.

హిమాలయాల దాకా వెళ్లి నేర్చుకున్న విద్యకు ఇక్కడే పని ఉంది. దీనికి పెద్ద ఖర్చూ అక్కర్లేదు. ఊరి పక్కన ఒక గుట్టను ఎంచుకోవాలి. మైలురాయో, గుడి అరుగో... కదలని చోటొకటి గుర్తుపెట్టుకోవాలి. ముక్కాలి అక్కడే వేసి, అదే లెన్సుతో ఏటా ఆషాఢంలో ఒక ఫొటో తీసి తేదీ రాసిపెట్టాలి. హిమానీనదాలు ఎంత కరిగాయో శాస్త్రవేత్తలు తేల్చుకునే పద్ధతుల్లో ఇదీ ఒకటి. మన స్టూడియోవాళ్లకు ఆ రోజుల్లో తీరికా ఉంటుంది, చేతిలో కెమెరా ఎలాగూ ఉంటుంది.

పదేళ్ల తర్వాత ఆ పది ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూస్తే గుట్ట అలాగే ఉందనుకోండి... అంతకంటే సంతోషం ఏముంటుంది! లేదంటే, ఎప్పుడు ఎంత పోయిందో అడిగేవారికి చూపించడానికి ఊరి చేతిలో లెక్క ఉంటుంది.