రౌటరులో వంతెన

నౌపడ జంక్షనును ఎరిగిన పెద్దలకు ఒక దృశ్యము జ్ఞాపకముండును. హౌరా–మద్రాసు పెద్ద లైను మీద వచ్చినవారు అక్కడ దిగి, మూటలు మోసికొని, పర్లాకిమిడి వైపు పోవు చిన్న బండి ఎక్కవలసి వచ్చేది. పెద్ద లైనులో పట్టాల మధ్య దూరము 1,676 మిల్లీమీటర్లు. 1900లో పర్లాకిమిడి సంస్థానము వారు నడిపించిన చిన్న లైనులో 762 మాత్రమే. టెక్కలి మీదుగా గుణుపురము దాకా పోవు ఆ లైనును 2004లో మూసి, వెడల్పు చేసి, 2011 నాటికి చివరిదాకా తిరిగి తెరిచినారు. ఇప్పుడు పెట్టె దిగకుండ, ఉన్నది ఉన్నట్లే ఆ లైనులోనికి పోవచ్చును.

కంప్యూటరు జాలములను కలుపుటలోను సరిగా ఈ రెండు పద్ధతులే ఉన్నవి. ఒక యంత్రము నుంచి మరొకదానికి సమాచారము చిన్న చిన్న పొట్లములుగా పోవును. తీగ మీద ప్రయాణించుటకు ప్రతి పొట్లమును ఒక ఫ్రేములో పెట్టుదురు. పొట్లము సరుకైతే ఫ్రేము రైలు పెట్టె వంటిది. రౌటరు చేయునది పాత నౌపడ పని: వచ్చిన ఫ్రేమును విప్పి, లోపలి పొట్లము మీది చిరునామా చూచి, దానిని కొత్త ఫ్రేములో సర్ది ముందుకు పంపును. వంతెన, అనగా బ్రిడ్జి, ఫ్రేమును విప్పదు. పై చీటీ మాత్రము చదివి, ఉన్నదానిని ఉన్నట్లే అవతలికి దాటించును. కాబట్టి రౌటరుకు ఇరువైపుల ఉన్నవి రెండు వేరువేరు జాలములు. వంతెనకు ఇరువైపుల ఉన్నది ఒకే జాలము. కొత్తవారి చిక్కులలో చాలా భాగము ఈ భేదము తెలియకపోవుట వల్ల వచ్చునవే.

ఉద్దానములో ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకొందము. విద్యుత్ స్తంభముల మీదుగా వచ్చిన ఫైబరు తీగ కార్యాలయములోని రౌటరు దగ్గర ఆగినది. ఆటస్థలమునకు అవతల, 60 మీటర్ల దూరములో ప్రయోగశాల ఉన్నది. ఎవరో రెండవ రౌటరు కొని తెచ్చి, మొదటిదాని నుంచి ఒక తీగ లాగి, రెండవదానికి ‘వాన్’ అని వ్రాసియున్న రంధ్రములో పెట్టినారు. ఇంటర్నెట్టు వచ్చినది, అందరు సంతోషించినారు. మరునాడు ప్రయోగశాల నుంచి ప్రశ్నపత్రము అచ్చువేయబోతే కార్యాలయములోని ప్రింటరు కనిపించలేదు. ప్రయోగశాల కంప్యూటరులో దాచిన ఫైళ్లు కార్యాలయము వారికి అందలేదు. పరికరములలో ఏ లోపమును లేదు. రెండవ రౌటరు తన వెనుక ఒక వేరు జాలమును కట్టుకొని, నడుమ తలుపు వేసికొన్నది, అంతే. రెండు రౌటర్లును ఒకే అంకెల వరుసను వాడుచున్నచో ఇంటర్నెట్టు కూడ రాకపోవచ్చును.

దీనికి మందు రెండవ రౌటరును వంతెనగా మార్చుట. ముందు దానిని మిగిలిన తీగలన్నింటి నుంచి విడదీసి, ఒక్క కంప్యూటరుకు మాత్రము కలుపవలెను. పెట్టె అడుగున ముద్రించిన చిరునామాను బ్రౌజరులో కొట్టినచో అమరికల పుట తెరుచుకొనును. మొదటి రౌటరు చిరునామా 192.168.1.1 అయినచో, దీనికి 192.168.1.2 ఇవ్వవలెను, ఒకే జాలములో ఇద్దరికి ఒకే చిరునామా ఉండరాదు. తరువాత ‘డి.హెచ్.సి.పి.’ అను సేవను ఆపివేయవలెను. కొత్తగా వచ్చిన ప్రతి కంప్యూటరుకు, ఫోనుకు చిరునామా పంచిపెట్టునది అదే. ఒక తరగతికి ఇద్దరు ఉపాధ్యాయులు విడివిడిగా రోల్ నంబర్లు వేసినట్లయితే ఏమగునో, ఒక జాలములో ఇద్దరు పంచినను అదే అగును. ఆ పని మొదటి రౌటరుకే వదిలి, అది పంచు అంకెలలో 192.168.1.2 లేకుండ చూడవలెను. చివరగా, తీగను ‘వాన్’ రంధ్రము నుంచి తీసి ‘లాన్’ రంధ్రములో పెట్టవలెను. కొన్ని రౌటర్లలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అను ఒక్క మీట ఇదంతయు తానే చేయును.

పని సరిగా జరిగినదో లేదో ఫోనుతో చూడవచ్చును. రెండు భవనములలోను వైఫై వివరములు తెరచి చిరునామా చూడవలెను. రెండు చోట్లను మొదటి మూడు అంకెలు ఒకటే అయి, ‘గేట్‌వే’ దగ్గర 192.168.1.1 అనియే ఉన్నచో వంతెన నిలిచినట్లు.

ఇంతకును వంతెనకు ఎవరు ఎటున్నారో ఎట్లు తెలియును? ఎవరును చెప్పరు, చూచి నేర్చుకొనును. ప్రతి జాల పరికరమునకు 48 బిట్ల చిరునామా ఒకటి ఉండును. దానిని ‘మ్యాక్’ చిరునామా అందురు. ఫ్రేము పై చీటీలో పంపినవారిది, అందుకొనవలసినవారిది ఉండును. ఒక ఫ్రేము తూర్పు తీగ నుంచి వచ్చినచో, పంపినవారు తూర్పున ఉన్నారని వంతెన పట్టికలో వ్రాసికొనును. అందుకొనువారు కూడ తూర్పుననే ఉన్నారని తెలిసినచో ఫ్రేమును దాటనివ్వదు. పడమట ఉన్నచో అటు పంపును. అసలు తెలియనిచో అన్ని వైపులకు పంపును. జవాబు వచ్చినప్పుడు ఆ పేరును పట్టికలో చేరును. సాధారణముగా 300 సెకండ్లు మాట్లాడనివారి పేరు కొట్టివేయును. కంప్యూటరును ఒక గది నుంచి మరొక గదికి మార్చినను వంతెన దారి తప్పకుండుటకు కారణమిదే.

ఈ తెలివిలోనే ఒక ప్రమాదమున్నది. రెండు భవనముల మధ్య ఒక తీగ చాలదేమోనని రెండవది కూడ లాగినారనుకొందము. అందరికి ఉద్దేశించిన ఫ్రేము ఒక తీగ మీద పోయి, రెండవదాని మీద తిరిగి వచ్చి, మళ్లీ మొదటిదాని మీద పోవును. పొట్లములకు ఆయుర్దాయమున్నది, రౌటరు దాటిన ప్రతిసారి ఒకటి తగ్గి, సున్న అయినచో అవి నశించును. ఫ్రేముకు అట్టి లెక్క లేదు. అది తిరుగుచునే ఉండును. దానికి తోడు కొత్తవి చేరి, కొద్ది సెకండ్లలో జాలమంతయు స్తంభించును. 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషనులో పనిచేయుచున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి ఉపాయము కనిపెట్టినారు. వంతెనలు తమలో తాము మాట్లాడుకొని, చుట్టు ఏర్పడిన చోట ఒక దారిని మూసివేయును. కొమ్మలు చీలునే గాని మళ్లీ కలియవు గనుక ఆ రూపమునకు ‘స్పానింగ్ ట్రీ’ అని పేరు. అయితే చౌక రౌటర్లలో ఈ ఏర్పాటు లేకపోవచ్చును, ఉన్నను ఆపియుండవచ్చును. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరము దాటిన తిత్లీ వంటి తుఫాను తరువాత, తెగిన తీగలను తొందరలో కలుపునప్పుడు ఇట్టి చుట్టు తెలియకుండనే ఏర్పడుట సులభము. ప్రతి తీగకు రెండు చివరల చీటీ కట్టియుంచుట మేలు.

‘బ్రిడ్జి మోడ్’ అను మాట ఫైబరు పెట్టెలలో కూడ కనబడును. అక్కడ అర్థము వేరు: ఆ పెట్టె రౌటరు పని మానివేసి, వచ్చినదానిని మన రౌటరుకు నేరుగా అప్పగించును. టెలిఫోను, టెలివిజను కూడ ఆ పెట్టె ద్వారానే వచ్చుచోట కనెక్షను ఇచ్చినవారిని అడుగకుండ దానిని మార్చరాదు.

రాగి తీగ పొడవు 100 మీటర్లకు మించరాదు. అంతకన్న దగ్గరైనను ఆరుబయట రెండు భవనముల నడుమ రాగి తీగ మంచిది కాదు. పిడుగు దగ్గరలో పడినచో రెండు వైపుల పరికరములును పోవును. ఫైబరు గాని, రేడియో వంతెన గాని వాడవలెను. రేడియోలో ఒక మెలిక ఉన్నది. మామూలు వైఫై ఫ్రేములో మూడు చిరునామాలకే చోటు. వెనుక ఉన్న యంత్రముల తరఫున దాటించుటకు నాలుగవది కావలెను. అందుచేత వైఫైకి కలిసిన ప్రతి పెట్టెయు వంతెన కాజాలదు. రెండు చివరలను ‘డబ్ల్యు.డి.ఎస్.’ వంటి అమరిక ఉండవలెను.

ఉద్దానములో అసలు శత్రువు కొబ్బరి ఆకు. ఆకులోని నీరు రేడియో తరంగములను పీల్చును. 5 గిగాహెర్ట్జ్ తరంగములను 2.4 గిగాహెర్ట్జ్ వానికంటె ఎక్కువగా పీల్చును. చివరలు రెండును ఒకదానికొకటి కనబడిన చాలదు. 500 మీటర్ల దూరమునకు 5.8 గిగాహెర్ట్జ్ వద్ద, నడిమధ్యలో చూపురేఖ చుట్టు సుమారు రెండున్నర మీటర్ల మేర ఖాళీ ఉండుట మంచిది. నేడు ఖాళీగా ఉన్నదని చూచి స్తంభము నిలుపరాదు. తిత్లీలో కూలిన చెట్లకు బదులు నాటిన మొక్కలు ఏటేట ఎదుగుచున్నవి. చూపురేఖ కింద లేత తోట ఉన్నచో, ఆ చెట్లు రాగల పదేండ్లలో ఎంత ఎత్తు పెరుగునో తోట రైతును అడిగి, అప్పుడు స్తంభము ఎత్తు నిర్ణయించవలెను.