పెన్‌డ్రైవ్‌లో ఎక్స్‌పీ: అపోహలు – వాస్తవాలు

పేజ్‌మేకర్‌లో, అనూ ఫాంట్లతో ఏళ్ల తరబడి పుస్తకాలూ శుభలేఖలూ కంపోజ్ చేసిన డీటీపీ ఆపరేటర్ల మధ్య ఒక చిట్కా తెగ తిరుగుతోంది. విండోస్ ఎక్స్‌పీనో సెవెన్‌నో యూఎస్‌బీ డ్రైవ్‌లో ఎక్కించుకుంటే చాలట, ఏ కొత్త ల్యాప్‌టాప్‌కు గుచ్చినా లేస్తుందట, లోపలి డిస్కు జోలికే పోదట!

ఈ ‘జోలికే పోదు’ అన్న మాటే కొంప ముంచుతోంది. కొత్త ల్యాప్‌టాప్‌లను బూట్ చేసే యూఈఎఫ్ఐ ఎక్స్‌పీకి తెలియదు. దాన్ని లేపడానికి బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ తీసేసి, పాత పద్ధతిలో బూట్ చేసే లెగసీ మోడ్ పెడతారు. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ లెగసీయే లేదు. పైగా విండోస్ 11 మెషీన్లలో యజమానికి తెలియకుండానే డిస్కు బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ అయి ఉండవచ్చు. సెక్యూర్ బూట్ మార్చారంటే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడిగే ప్రమాదం ఉంది. కీ దొరక్కపోతే ఫైళ్ల మీద ఆశ వదులుకోవాల్సిందే, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. పెన్‌డ్రైవ్ మాత్రం క్షేమం.

పోనీ లెగసీ దొరికిందనుకుందాం. బూట్ సగంలో ఎక్స్‌పీ యూఎస్‌బీ డ్రైవర్లను మళ్లీ మొదటినుంచి లోడ్ చేస్తుంది. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు, తానున్న డ్రైవే దానికి కనపడకుండా పోతుంది. ఫలితం నీలి తెర. సెవెన్ సెటప్ అయితే యూఎస్‌బీ డిస్కు మీద ఇన్‌స్టాల్ చేయనని మొహం మీదే చెప్పేస్తుంది. ఏ టూల్‌తోనో బలవంతంగా ఎక్కించినా అందులో యూఎస్‌బీ 3.0 డ్రైవర్లు లేవు. 2015లో ఇంటెల్ స్కైలేక్ చిప్‌సెట్ల నుంచి పాత యూఎస్‌బీ కంట్రోలర్‌ను తీసేయడంతో, ఆ డ్రైవర్లు విడిగా చేర్చకపోతే యూఎస్‌బీ కీబోర్డు, మౌస్ కూడా పలకవు.

ఇన్ని గండాలు దాటి లేచినా లోపలి డిస్కుకు ముప్పు తప్పదు. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న విండోస్ 10, 11లలో షట్‌డౌన్ అంటే సగం నిద్రే. ఆ స్థితిలో ఇంకో ఓఎస్ ఆ డిస్కు మీద రాస్తే ఫైల్ సిస్టం చెడిపోవచ్చు.

ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. విండోస్ ఐఎస్ఓ ఫైలును మామూలుగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కొడితే బూట్ అవుతుందా? అవదు, రూఫస్ లాంటి టూల్‌తో రాయాలి. పాత విండోస్‌ను వైరస్‌లు పట్టించుకోవా? 2017 మేలో వన్నాక్రై రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్, మద్దతు ఆపి మూడేళ్లైన ఎక్స్‌పీకి కూడా అత్యవసరంగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది.

యూఎస్‌బీ నుంచి విండోస్ నడుస్తుందన్నది మాత్రం శుద్ధ అబద్ధమేమీ కాదు. 2012లో విండోస్ 8 ఎంటర్‌ప్రైజ్‌తో ‘విండోస్ టు గో’ పేరిట మైక్రోసాఫ్టే ఆ సదుపాయం ఇచ్చింది, 2020లో తీసేసింది. ఎక్స్‌పీకి మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. పాత ఫైళ్ల బాధా నిజమే. అనూ ఫాంట్లు యూనికోడ్ కావు, 2001 నాటి పేజ్‌మేకర్ 7 కొత్త విండోస్‌లో మొండికేస్తుంది.

అందుకు బూట్‌తో కుస్తీ అక్కర్లేదు. ఉచితంగా దొరికే వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ చేసి, నెట్‌వర్క్ అడాప్టర్ ఆపేసి, ఆ మెషీన్ ఫోల్డర్‌ను బయటి ఎస్ఎస్‌డీలో పెట్టుకుంటే వర్చువల్‌బాక్స్ ఉన్న ఇంకో పీసీలోనూ తెరుచుకోవచ్చు. ఇంత చెప్పినా బయోస్‌లో చెయ్యి పెట్టి తీరతామనేవాళ్లు ముందు డిస్కు బ్యాకప్ తీసుకుని, మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి లాగిన్ అయి రికవరీ కీని కాగితం మీద రాసుకోవాలి.