సెంటరింగ్ ప్రేయర్

కుర్చీలో నిటారుగా కూర్చుంటారు. కళ్లు మూసుకుని ‘యేసు’, ‘ప్రేమ’ వంటి చిన్న మాటొకటి మనసులో నిలుపుకుంటారు. ఆలోచనలు ముసురుకుంటే వాటితో పోట్లాడకుండా మెల్లగా మళ్లీ ఆ మాట దగ్గరికే వస్తారు. ఇలా 20 నిమిషాలు, రోజుకు రెండుసార్లు. సెంటరింగ్ ప్రేయర్ అంటే ఇదే.

1970లలో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, స్పెన్సర్ అనే ఊళ్లోని సెయింట్ జోసెఫ్ మఠంలో ఇది రూపుదిద్దుకుంది. మెనింజర్, పెన్నింగ్టన్, కీటింగ్ అనే ముగ్గురు క్యాథలిక్ సన్యాసులు దీని కర్తలు. 14వ శతాబ్దపు ఆంగ్ల గ్రంథం ‘ది క్లౌడ్ ఆఫ్ అన్‌నోయింగ్’ తమకు ఆధారమన్నారు. జెన్ వైపు, మహేశ్ యోగి ధ్యానం వైపు మళ్లుతున్న యువతకు చర్చిలోనే ఆ నిశ్శబ్దం దొరకాలన్నది వారి ఆరాటం.

పేచీ అక్కడే వచ్చింది. చూడటానికి మంత్రజపంలాగే ఉందే అన్నారు విమర్శకులు. 1989లో కార్డినల్ రాట్‌జింగర్ సంతకంతో వాటికన్ విడుదల చేసిన లేఖ తూర్పు పద్ధతులను పూర్తిగా కాదనలేదు. ప్రార్థన ఒట్టి టెక్నిక్‌గా మారకూడదని మాత్రం గట్టిగా చెప్పింది.

మతం మారి వచ్చినవారి బాధ ఇంకా లోతైనది. ట్రినిడాడ్‌లో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైన రవీంద్రనాథ్ మహరాజ్, ‘డెత్ ఆఫ్ ఎ గురు’ (1977)లో ఏళ్ల తరబడి మాటా పలుకూ లేక ధ్యానంలో ఉండిపోయిన తండ్రి గురించి రాశారు. అలాంటి ఇంటి నుంచి వచ్చినవారికి, తాము వదిలొచ్చిందే చర్చి గుమ్మంలో మరో పేరుతో ఎదురైతే గుండె కలుక్కుమనదా? దాన్ని ద్వేషమని కొట్టిపారేయడం అన్యాయం. అయితే ఈజిప్టు ఎడారిలో 4వ శతాబ్దం నాటికే క్రైస్తవ సన్యాసులు మౌనంగా ప్రార్థించేవారన్నదీ నిజమే.