పచ్చికబయళ్ళలో పెద్దదిక్కు

1880వ సంవత్సరమున అమెరికా సంయుక్త రాష్ట్రములలో జనాభా లెక్కలు వ్రాయ వచ్చిన ఉద్యోగుల చేతిలో ఒక పట్టిక యుండెను. ప్రతి మనిషి పేరునకు ఎదురుగా వృత్తి యను గడి యొకటి. పొలము దున్నువాని పేరునకు ఎదురుగా రైతు అని వ్రాయుదురు. అతని భార్యకు వేరొక జీతపు పని లేనిచో ‘ఇల్లు చూచుకొనుట’ అని వ్రాయవలెనని ప్రభుత్వపు ఆదేశము. పాలు పితుకుట, వెన్న చిలుకుట, కోళ్ళను సాకుట, కూరగాయల మడులు త్రవ్వుట, ఇంటిల్లిపాదికి బట్టలు కుట్టుట, కోతల కాలమున వచ్చిన పనివారికందరికి వండి వార్చుట, ఇవన్నియు ఆ గడిలో ఇమిడిపోయినవి. అట్లు ఇమిడిపోయిన స్త్రీలలో ఒకామె దీర్ఘజీవితమును గూర్చి మేము ఇచట ముచ్చటింపదలచితిమి. ఆమె పేరు కెరొలైన్ ఇంగల్స్.

ముందుగా ఆ నేలను గూర్చి కొంత చెప్పవలెను. మిసిసిపీ నదీ ప్రాంతము మొదలు పడమట రాకీ పర్వతముల పాదము వరకు, ఉత్తరమున కెనడా లోనికిని పరచుకొనిన గడ్డిభూములకు ప్రెయిరీ లని పేరు. చూపు ఆనినంత దూరము పచ్చికయే. ఏటి గట్టున తప్ప చెట్టు కానరాదు. కలప లేదు గనుక గడ్డివేళ్ళు పెనవేసికొన్న మట్టిపెళ్ళలనే ఇటుకలవలె కోసి గోడలు పేర్చెడివారు. వంటచెరకు లేదు గనుక ఎండుగడ్డిని త్రాడువలె పురిపెట్టి పొయ్యిలో పెట్టెడివారు. ఆ జిగటమట్టి పాత నాగళ్ళకు లొంగలేదు. జాన్ డీర్ అను కమ్మరి 1837లో నునుపైన ఉక్కు నాగలిని తయారుచేసిన పిమ్మట గాని అది సేద్యమునకు రాలేదు. అంతమాత్రమున ఆ భూములు ఎవరివియు గావని అనుకొనరాదు. అవి ఓసేజ్, డకోటా మొదలగు ఆదివాసి జాతులకు తరతరములుగా వేటభూములు, నివాసభూములు.

1862లో అధ్యక్షుడు లింకన్ సంతకముతో ఒక చట్టము అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఇరువది యొకటి యేండ్లు నిండినవారు గాని, కుటుంబమునకు యజమానియైనవారు గాని స్వల్పమైన రుసుము చెల్లించి 160 ఎకరముల ప్రభుత్వ భూమికి అర్జీ పెట్టుకొనవచ్చును. పెండ్లికాని యువతికి, విధవకు ఆ హక్కు ఉన్నది. భర్తతో కాపురము చేయుచున్న స్త్రీకి సాధారణముగా లేదు. ఇంటి యజమాని భర్తయే గదా! ఇక షరతులు: ఐదేండ్లు ఆ భూమిమీద నివసించి సాగుచేయవలెను, ఆరు నెలలకు మించి విడిచిపోయినచో హక్కు పోవును.

ఈ రెండవ షరతు మీద మేము పాఠకుల దృష్టిని నిలుపగోరుచున్నాము. క్రొత్తగా దున్నిన నేల మొదటి యేట కడుపు నింపదు. చేతిలో రొక్కము లేదు. అందుచేత మగవాడు రైలుమార్గపు పనికో, పొరుగు సీమల కోతలకో కూలికి పోవలసివచ్చెడిది. అప్పుడు ఆ భూమిమీద నిలిచి యుండు వారెవరు? భార్యయు, పిల్లలును. చట్టము కోరిన నివాసమును నిలబెట్టినది పలుచోట్ల ఆమెయే. పట్టా వచ్చినప్పుడు దానిమీది పేరు మాత్రము అతనిది.

కెరొలైన్ 1839 డిసెంబరు 12న విస్కాన్సిన్ సీమలో పుట్టెను. ఆమెకు ఐదేండ్ల వయస్సున, 1845లో, తండ్రి మిషిగన్ సరస్సులో ఓడ మునిగి మరణించెను. తల్లి చిన్నపిల్లలతో మిగిలెను. కెరొలైన్ చదువుకొని, పదునారేండ్ల ప్రాయమున బడిపంతులమ్మ యయ్యెను. 1860 ఫిబ్రవరి 1న చార్లెస్ ఇంగల్స్‌ను వివాహమాడెను. అతడు పనిమంతుడు, ఫిడేలు వాయించుటలో నేర్పరి. గాని ఒకచోట కుదురుగా నుండువాడు గాడు. పడమట ఇంకను మంచి నేల యున్నదను ఆశ అతనిని వదలలేదు. వారి రెండవ కుమార్తె లారా తన ముసలితనమున వ్రాసిన నవలల వలన ఈ కుటుంబము లోకమంతట తెలిసినది. నవలలు నవలలే. ఆ పుస్తకములలో కొన్ని యేండ్లు పూర్తిగా విడువబడినవి. మేము వీలయినంతవరకు రికార్డులలో నిలిచిన సంగతులనే చెప్పుచున్నాము.

1869లో ఈ దంపతులు ఇద్దరు ఆడపిల్లలతో గుడారపు బండిలో కాన్సస్‌నకు పోయిరి. వారు ఇల్లు కట్టుకొన్న చోటు ఓసేజ్ జాతివారి భూమి. అక్కడ కాపురముండుటకు వారికి చట్టబద్ధమైన హక్కు లేదు. మూడవ కుమార్తె కారీ 1870 ఆగష్టులో అచటనే పుట్టెను. మరుసటి యేడు వారు మరల విస్కాన్సిన్‌నకు తిరిగివచ్చిరి. అచటి పొలమును కొన్నవాడు సొమ్ము చెల్లింపలేక పోవుటయు ఇందుకు ఒక కారణము. ఓసేజ్ ప్రజలు మాత్రము ఆ భూమిని వదలి నేటి ఓక్లహోమాకు తరలిపోవలసివచ్చెను. ఇంగల్స్ కుటుంబపు కష్టములు చెప్పుకొనునప్పుడు ఈ కష్టమును ప్రక్కకు నెట్టుట న్యాయము గాదని మా అభిప్రాయము.

పిమ్మట 1874లో మిన్నెసోటా. ఏటి గట్టును తొలిచి చేసిన మట్టియింటిలో కొంతకాలము కాపురము. 1873 మొదలు 1877 వరకు ఆ ప్రాంతమును రాకీ పర్వతపు మిడుతల దండు ఏటేట పాడుచేసెను. మేఘమువలె దిగి, పైరు తిని, నేలలో గ్రుడ్లు పెట్టి పోవును. మరుసటి వసంతమున ఆ గ్రుడ్లనుండి క్రొత్త దండు లేచును. (ఆ మిడుతజాతి ప్రాణముతో కనబడినది 1902లో కడసారి, తరువాత అది లోకమునుండి మాయమైనది.) 1875 నవంబరు 1న కెరొలైన్ ఒక మగబిడ్డను కనెను. అదే నెల 30న చార్లెస్ తాను పూర్తిగా నిరాధారుడనని ప్రమాణపత్రముమీద సంతకము చేసి, ప్రభుత్వము పంచిన పిండిని రెండు అర పీపాలు తెచ్చుకొనెను. నవలలలో ఈ సంతకము కానరాదు. ఆ బిడ్డయు కానరాడు. తొమ్మిది నెలలు నిండి, 1876 ఆగష్టు 27న, కుటుంబము ఊరు విడిచి పోవుచున్న దారిలో ఆ పిల్లవాడు చనిపోయెను. అతడే వారికి ఏకైక పుత్రుడు.

అయోవాలోని బర్ ఓక్ అను చిన్న ఊరిలో ఒక సత్రము వంటి హోటలులో వారు పనికి కుదిరిరి. కడుపుకోత మానకముందే కెరొలైన్ పరాయివారికి వండి, ఎంగిలి గిన్నెలు తోమవలసివచ్చెను. 1877 మే నెలలో చివరి కుమార్తె గ్రేస్ అచటనే పుట్టెను. తరువాత వారు మిన్నెసోటాకు మరలివచ్చిరి. 1879లో పెద్ద కుమార్తె మేరీకి తీవ్రమైన జబ్బు చేసి, పదునాలుగేండ్ల వయస్సున రెండు కన్నులును పోయినవి. అది ఎఱ్ఱజ్వరమని నవల చెప్పుచున్నది; మెదడునకును దాని పొరలకును సోకిన వైరసు వ్యాధి యైయుండునని 2013లో వైద్యులు ప్రకటించిన పరిశోధన చెప్పుచున్నది.

అదే సంవత్సరము చార్లెస్ రైలుమార్గపు కంపెనీలో పని పుచ్చుకొని డకోటాకు పోయెను. ఇకమీదట ఎచటికిని కదలుట లేదని కెరొలైన్ పట్టుపట్టెనని కుటుంబములో చెప్పుకొనెడివారు. అది నిజమని అనుకొనుటకు ఆధారమున్నది: డి స్మెట్ అను ఆ ఊరిని వారు మరి విడువలేదు. 1880లో చార్లెస్ అచట 160 ఎకరములకు అర్జీ పెట్టెను. ఆ వసంతమున భూములకై వచ్చిపోవు బాటసారులకు తలదాచుకొన మరొక కప్పు లేదు. కెరొలైన్ డబ్బు పుచ్చుకొని వారికి భోజనము పెట్టి, నేలమీద పడకలు పరచెను. కుటుంబపు తొలి రొక్కములో కొంత ఆ పొయ్యినుండియే వచ్చినది.

ఆ తరువాత వచ్చిన చలికాలమును ఆ సీమవారు నేటికిని మరువలేదు. 1880 అక్టోబరు నడుమనే మంచు తుపాను విరుచుకొనిపడెను. రైలుపట్టాలు మంచులో పూడిపోయి, నడికారులో బండ్లు నిలిచిపోయినవి. మరల రైలు వచ్చుసరికి 1881 మే నెల. బొగ్గు అయిపోయినది, పిండి అయిపోయినది. విత్తులకై దాచిన గోధుమలను కాఫీ గింజలు విసరు చిన్న మరలో పోసి, ఇంటిలోనివారు వంతులవారీగా త్రిప్పి, ఆ ముతకపిండితోనే రొట్టె కాల్చుకొనిరి. పొయ్యిలోనికి పురిపెట్టిన గడ్డి. ఒకరు పురిపెట్టుచుండగనే ముందటిది కాలిపోవును. ఆ ఇంటిలో ఆ కాలమున మరొక యువదంపతులు కూడ తలదాచుకొనిరి. వారికి బిడ్డ పుట్టినదియు ఆ కప్పు క్రిందనే. తమకే చాలని రొట్టెను ఇంకను ముక్కలుగా పంచిన చేయి ఎవరిదో వేరుగ చెప్పనక్కరలేదు.

అంధురాలైన కూతురిని చదివించుట తల్లిదండ్రులకు దీక్షయైనది. 1881లో మేరీ అయోవాలోని అంధుల కళాశాలకు పోయెను. డకోటా ప్రభుత్వము ఫీజు చెల్లించినను, బట్టలు, దారి ఖర్చులు ఇంటివే. లారా పదునారేండ్లు నిండకముందే బడిపంతులమ్మగా పనికి కుదిరి తన సంపాదన అందించెను. వెన్న, గ్రుడ్లు అంగడివానికి ఇచ్చి సరకులు తెచ్చుకొనుట ప్రెయిరీ ఇల్లాండ్రకు అలవాటు. పంట పోయిన యేట ఆ కుటుంబములు అప్పుల పాలు గాకుండ నిలిచినది తరచు ఈ వెన్నగ్రుడ్ల డబ్బుతోనే. మేరీ 1889లో చదువు ముగించి ఇంటికి వచ్చెను.

1886లో పొలమునకు పట్టా వచ్చినది, చార్లెస్ పేరిట. గాని వానలు తప్పినవి, సేద్యము గిట్టలేదు. 1887లో అతడు ఊరిలో ఒక ఇల్లు కట్టెను. ఆ యింటిని నేటికిని యాత్రికులు చూచి వచ్చుచున్నారు. 1902 జూన్ 8న చార్లెస్ మరణించెను. అప్పటికి కెరొలైన్‌కు అరువది రెండేండ్లు. ఇంకను ఇరువది రెండేండ్ల ఆయుష్షు ఆమెకు మిగిలియున్నది. ఇంట అద్దెకుండువారిని పెట్టుకొని, మేరీ గుఱ్ఱములకు ఈగల బెడద లేకుండ కప్పు వలలు అల్లి అమ్మగా, తల్లీకూతుండ్రు ఒకరి చేయి మరొకరు పట్టుకొని కాలము గడపిరి. ఇంటికి పెద్దదిక్కు అను మాటకు ఇంతకంటె నిండైన అర్థము మాకు తోచుట లేదు. మూడవ కూతురు కారీ పెండ్లి గాకముందే తన పేరిట ప్రభుత్వ భూమికి అర్జీ పెట్టి, ఒంటరిగా చిన్నయిల్లు వేసికొని పట్టా సంపాదించెను. తల్లికి పెండ్లి వలన లేని హక్కు కూతురికి పెండ్లి లేకపోవుట వలన దక్కినది!

కాలము మారలేదా యన్నచో, మారినది గాని మెల్లగా. 1920లో అమెరికా వ్యవసాయ శాఖ సుమారు పదివేల రైతుకుటుంబముల స్త్రీలను విచారించి ఒక నివేదిక ప్రకటించెను. వేసవిలో ఆ ఇల్లాండ్రు సగటున రోజునకు పదమూడు గంటలకు పైగా పని చేయుచున్నట్లు దానిలో తేలినది. గ్రామముల విద్యుదీకరణకు ప్రభుత్వము పూనుకొన్న 1935 నాటికి, పొలములమీది ఇండ్లలో పదింట ఒకదానికి మాత్రమే కరెంటు వెలుగు ఉండెను.

కరెంటు లేకున్నను బ్యాటరీతో పాడు రేడియో ఆ ఒంటరి యిండ్లకు ముందుగనే చేరినది. 1924 ఏప్రిల్ 12న చికాగోలో రైతుకుటుంబములకై ఒక క్రొత్త ప్రసార కేంద్రము వెలిసెను. వారము తిరిగి 19వ తేదీ శనివారము రాత్రి, పల్లెటూరి నృత్యములకు వాయించు పాత ఫిడేలు పాటల కార్యక్రమమును అది ఆరంభించెను. చార్లెస్ వంటివారు బండిప్రక్కన కూర్చుండి వాయించిన బాణీలవి. ఆ మరునాడే, ఈస్టరు ఆదివారమున, ఎనుబది నాలుగవ యేట కెరొలైన్ డి స్మెట్‌లో కన్నుమూసెను.

లారా 1894లోనే మిస్సోరికి తరలిపోయి యుండెను. తండ్రి చివరి ఘడియలలో వచ్చి చూచినది గాని, ఆ తరువాత తల్లిని చూచుట ఆమెకు పడలేదు, అంత్యక్రియలకును పోలేదు. 1925లో ఆమె తల్లికి అక్కయైన మార్తాకు ఒక జాబు వ్రాసెను. మీ చిన్ననాడు ఇంట వంటలెట్లు చేసెడివారు, అమ్మయు నీవును ఎట్లు పెరిగితిరి, జ్ఞాపకమున్నంతవరకు వ్రాసి పంపుమని దాని సారాంశము. అమ్మను అడుగుటకు వేళ మించిపోయినది గదా. పెద్దమ్మ జవాబు వ్రాసెను. రెండేండ్లకు, 1927లో, ఆమెయు గతించెను. లారా మొదటి పుస్తకము 1932లో, ఆమె అరువది యైదవ యేట, వెలువడెను.