హార్మోనియం తిత్తి, అడవి వెలుతురు

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సారపాక చేరి, 1965 నాటి గోదావరి వంతెన దాటితే భద్రాచలం. ఊరు దాటి ఎటపాక వైపు నడిస్తే రాష్ట్రమే మారిపోతుంది. పోలవరం ప్రాజెక్టు ముంపు ప్రాంతాల కోసం 2014లో హద్దు జరిపారు గానీ, అటూ ఇటూ ఉన్నది ఒకే అడవి, అవే కోయ, కొండరెడ్డి గూడేలు. ఈ సరిహద్దును ఫొటో తీయడానికి ఏ కెమెరా కావాలంటే నా ఓటు డ్రోన్‌కు కాదు, నల్లగుడ్డ కింద దూరి చూసే పాత ఫీల్డ్ కెమెరాకు.

ఇక్కడి మనుషుల బొమ్మలకు గట్టి చరిత్రే ఉంది. 1940ల మొదట్లో ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ రెండో ప్రపంచ యుద్ధం వల్ల హైదరాబాద్ రాజ్యంలోనే ఉండిపోయి, పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగాడు. 1945లో వాళ్ల మీద పుస్తకం వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మన తాతల ముఖాలు చూడాలంటే మనం లండన్ వైపు చూడాలి. గోదావరి ఒడ్డు గూడేలు ముంపు లెక్కల్లోకి ఎక్కాక, ఆ ఫొటోలు తీసే పని మనవాళ్లే మళ్లీ చేయాల్సిన వేళ వచ్చింది.

దక్షిణాది స్టూడియోల్లో ఒకప్పుడు పేరుమోసిన ఫీల్డ్ కెమెరా ‘వాగీశ్వరి’. కేరళలోని అలెప్పీలో కె. కరుణాకరన్ తయారుచేశాడు. వాళ్లది సంగీత వాద్యాలు బాగుచేసే ఇల్లు. ఒక ఫొటోగ్రాఫర్ తన కెమెరా తిత్తి చిరిగిందని, హార్మోనియం తిత్తులు కట్టేవాళ్లు కదా అని వీళ్ల దగ్గరికి తెచ్చాడు. అక్కడ మొదలైంది కథ. టేకు చెక్క, ఇత్తడి బిగింపులు, తోలు తిత్తి. ఖమ్మం, భద్రాచలం లాంటి చోట్ల ఇలాంటిది దొరికితే బాగుచేయడానికి విదేశీ నిపుణుడు అక్కర్లేదు. భజన మందిరాల హార్మోనియంలు బాగుచేసే చేతులు చాలు.

ముందు చీకటిగదిలో తిత్తి లోపల టార్చి వెలిగించండి. చుక్కలుగా వెలుతురు కనబడిందా, అవే చిల్లులు. మడతల మూలల్లోనే ఎక్కువ. ఒకటి రెండైతే నల్లరంగు కలిపిన జిగురు సరిపోతుంది, ఎక్కువైతే తిత్తి మార్చాల్సిందే. వానాకాలంలో చెక్క ఉబ్బి ఫిల్ము పెట్టే ఫ్రేము బిగుసుకుంటుంది. తొందరపడి చిత్రిక పట్టించకండి. ఎండాకాలం వచ్చేసరికి సందు పడి వెలుతురు కారుతుంది. గరుకు గాజు పగిలితే గాజుపలకను సన్నని కార్బోరండం రాపిడి పొడితో రుద్దుకుని చేసుకోవచ్చు. లెన్సును మాత్రం తోలు సంచిలో వదిలేయకండి, గోదావరి తేమకు బూజు పట్టేస్తుంది.

ఇక నేర్చుకోవడం. గాజు మీద బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమగా కనబడుతుంది, అది కొన్నాళ్లకు అలవాటవుతుంది. అలవాటు కానిది వెదురు నీడ. వంద స్పీడు ఫిల్ముకు బయట ఎండలో ఎఫ్/16 దగ్గర సెకనులో వందో వంతు చాలు. దట్టమైన వెదురులో ఎఫ్/32కు తగ్గిస్తే సెకను, రెండు సెకన్లు పడుతుంది. షట్టరు లేని ఇత్తడి లెన్సుకు మూత తీసి పెట్టడమే షట్టరు. ఆ కాసేపూ గాలి ఆగాలి, మనిషీ ఆగాలి. చెట్ల మానులు నిటారుగా రావాలంటే కెమెరా తల ఎత్తకూడదు, లెన్సు పలకను పైకి జరపాలి. నల్లమద్ది కొస దాకా వస్తుంది, చెట్టు వెనక్కి వాలదు. ఫోన్లలో ఇది లేదు.

ఫిల్ము ఖరీదు ఎక్కువే. నేర్చుకునేటప్పుడు పాతకాలపు తడి (రసాయనాల్లో కడిగే) ఎక్స్‌రే ఫిల్ము చౌక, ఎర్రలైటు కింద కత్తిరించుకోవచ్చు. ఇప్పుడు డిజిటల్ సెంటర్లు వాడే పొడి ఫిల్ము మాత్రం పనికిరాదు. డెవలపర్ ఇరవై డిగ్రీల దగ్గర ఉండాలి, మే నెలలో మన కుళాయి నీళ్లు ఆ మాట వినవు. కుండ నీళ్లు, ఐసుముక్కలు ఉంటేనే పని.

గూడెంలో స్టాండు దించే ముందు పెద్దలను అడగండి. ఇంత నెమ్మది కెమెరా ముందు ఎవరూ తెలియకుండా ఫొటోలో పడరు, అదే దీని గొప్పతనం. తీశాక ఒక ప్రింటు వాళ్లింట్లో ఇవ్వండి. మీ అటక మీద ఇలాంటి కెమెరా ఉంటే, అలంకారానికి అడిగే వాళ్లకు అమ్మే ముందు ఒక్కసారి తిత్తిలో టార్చి వేసి చూడండి.