ఇల్లాలి సంపాదన

మా వీధి మాస్టారిగారి భార్య లారీ గుద్ది పోయారు. ట్రిబ్యునలుకు ఆయనకు తోడుగా నేనూ వెళ్ళాను.

"ఆవిడ ఏమి సంపాదించేవారు?" అన్నాడు అవతలి వకీలు.

"ఏమీ లేదండీ" అన్నారు మాస్టారు, తలవంచుకుని.

నా మనసు చివుక్కుమన్నది. 1989 జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో పోయిన గృహిణుల సేవకు సుప్రీంకోర్టు 2001లోనే నెలకు 3,000 రూపాయలు విలువ కట్టింది కదా! పోయినావిడకు 42 ఏళ్ళనుకోండి. సొంత ఖర్చు తీసివేసి, ఏటి మొత్తాన్ని 14తో హెచ్చవేస్తారు. 2009 నాటి తీర్పులోని పట్టిక అది. తోడు పోయినందుకు వేరే 40,000 అని 2017లో ఖాయపరిచారు, మూడేళ్ళకోసారి నూటికి పది పెంచమంటూ. తోడుకు ధర! పోనివ్వండి.

ఆవిడ చేసిన పనులన్నీ కాగితం మీద పెట్టమన్నాను. మాస్టారు తెల్లవారుజామున పాలు కాచడంతో మొదలుపెట్టారు. రెండు పేజీలు నిండినా ఇంకా మధ్యాహ్నం కాలేదు.