కన్ను చెప్పు గుండె సంగతి

గుంటూరు మిర్చియార్డు పరిసరములలో వృద్ధులెవరైన నాలుగడుగులకే ఆయాసపడినచో, మిరప ఘాటనియో, వయసనియో మనము సరిపెట్టుకొందుము. కాళ్లకు నీరు దిగినను వైద్యుని చూడము. అది గుండెజబ్బు కావచ్చును.

మన కాలేయము ట్రాన్స్‌థైరెటిన్ అను ప్రోటీనును తయారుచేయును. చూపునకు అవసరమైన 'ఎ' విటమిను రక్తములో ప్రయాణించుటకు తోడ్పడునది ఇదియే. వార్ధక్యమున గాని, వంశపారంపర్య దోషమువలన గాని, కొందరిలో దీని మడతలు చెడి, పోగులై గుండెకండరములో పేరుకొనును. ఈ పోగులే అమిలాయిడ్. గుండె గోడలు దళసరియై బిగుసుకొనును. రక్తము చక్కగా నిండదు.

ఈ పోగులు రక్తనాళముల గోడలలోను చేరగలవు. శరీరమును కోయకుండ నాళములను చక్కగా చూడగల చోటు కంటి వెనుకనున్న నేత్రపటలము. అందుకు తగిన పరికరమును 1851లో జర్మను శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ ప్రకటించెను. మిణుకుమను వెలుగు పడినపుడు ఆరోగ్యవంతుని నేత్రపటల నాళములు విప్పారును. అవి సరిగా విప్పారకున్న, నాళముల ఆరోగ్యమును శంకింపవలెను. అది సూచనయే గాని రుజువు కాదు. మధుమేహము, రక్తపు పోటు కూడ నాళములను చెరచును. అమిలాయిడును నిర్ధారించుటకు గుండె స్కానింగు, రక్తపరీక్షలు వలయును.

నేడు మందులున్నవి. కాని అవి ముఖ్యముగ కొత్త పోగులు చేరకుండ అడ్డునవే. కావున ఆయాసమును ఘాటుపై నెట్టి కాలము గడపరాదని మా మనవి.